బండిలో కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్యాంపర్ వ్యానులు, కారవాన్‌ల వైరింగు గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. లెక్కలన్నింటిలో రాగి తీగకు మీటరు పొడవు, 1 స్క్వేర్ ఎంఎం మందానికి 0.0175 ఓమ్ నిరోధం తీసుకున్నాం. 12 వోల్టుల వైపు పొడవు అన్నప్పుడల్లా పోనూ రానూ రెండు తీగలూ కలిపే లెక్కపెట్టుకోవాలి. చాలామంది లెక్క తప్పేది అక్కడే.

ప్రశ్న: 12 వోల్టుల లిథియం బ్యాటరీ మీద 2000 వాట్ల ఇన్వర్టర్ పెట్టాను. పెట్టెలో దాంతోపాటు వచ్చిన కేబుళ్లే బిగించాను, మీద 25 స్క్వేర్ ఎంఎం అని ఉంది. ఇండక్షన్ స్టవ్ పది నిమిషాలు వేస్తే ప్లస్ వైపు లగ్గు (కేబుల్ చివర బోల్టుకి తగిలించే లోహపు ముక్క) చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఇన్వర్టర్ లోపలే ఫ్యూజు ఉందని చెప్పారు కాబట్టి విడిగా పెట్టలేదు. కేబుల్ మారిస్తే సరిపోతుందా?

సరిపోదండీ. ఇదంతా సరయ్యేదాకా ఆ స్టవ్ వెయ్యకండి.

ముందు కేబుల్ సంగతి. 2000 వాట్లు బయటికి రావాలంటే, ఇన్వర్టర్ సామర్థ్యం 90 శాతం అనుకున్నా, 12 వోల్టుల దగ్గర బ్యాటరీ నుంచి 185 ఆంప్స్ లాగుతుంది. వోల్టేజి 11కి దిగితే అది 200 దాటుతుంది. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య మీటరున్నర దూరముంటే తీగ పొడవు 3 మీటర్లు. 25 స్క్వేర్ ఎంఎంలో దాని నిరోధం 2.1 మిల్లీఓమ్‌లు. అంటే కేబుల్లోనే 0.39 వోల్టు పోతుంది, 70 వాట్లు వేడి అవుతుంది. 70 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.14 వోల్టు, వేడి 26 వాట్లు. మీకు కావలసింది ఈ 70దే. ఇన్వర్టర్‌తో ఉచితంగా వచ్చే కేబుళ్లను నమ్మకపోవడమే మంచిది.

అయితే కేబుల్ అంతా ఒకే తీరుగా వేడెక్కకుండా ఒక్క లగ్గే కాలుతోందంటే అసలు జబ్బు ఆ అతుకులో ఉంది. అక్కడ ఒక్క మిల్లీఓమ్ ఎక్కువున్నా 185 ఆంప్స్‌కి 34 వాట్లు పుడతాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని ఆ బోల్టుకి ఆనించి వదిలేసినట్టే. విప్పి చూడండి. టెర్మినల్‌కీ లగ్గుకీ మధ్య వాషర్ ఉందేమో ముందు చూడాలి, ఎక్కువ సార్లు దొరికేది అదే. స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ కరెంటుని సరిగా పోనివ్వదు. వరస ఇలా ఉండాలి: టెర్మినల్ మీద నేరుగా లగ్గు, దాని మీద ఫ్లాట్ వాషర్, ఆ పైన స్ప్రింగ్ వాషర్, చివర నట్టు. ఒకే టెర్మినల్ మీద రెండు మూడు లగ్గులుంటే ఎక్కువ కరెంటు లాగేదాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాలి. నట్టుని బ్యాటరీ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించాలి.

రెండో అనుమానం క్రింపింగు, అంటే లగ్గు గొట్టాన్ని కేబుల్ మీద నొక్కి పట్టించడం. ఈ మందం కేబుల్‌కి సుత్తితో కొట్టిన లగ్గూ, కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గూ పనికిరావు. సరైన డై వేసిన హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కాలి. నొక్కాక లగ్గు గొట్టంలో పోగుల మధ్య ఖాళీ ఉండకూడదు, గుంజితే కేబుల్ కదలకూడదు. దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేస్తే తేమ చేరదు.

అతుకు బాగుందో లేదో చేత్తో ముట్టుకుని తేల్చక్కర్లేదు. ఇన్వర్టర్ మీద 1000 వాట్ల లోడు పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో ఉంచి, ఒక ప్రోబు బ్యాటరీ టెర్మినల్ లోహానికి, రెండోది లగ్గు గొట్టానికి ఆనించండి. 10 మిల్లీవోల్టుల లోపు చూపిస్తే అతుకు బాగున్నట్టు. 50 దాటితే విప్పి మళ్లీ చెయ్యాలి. ఫ్యూజు హోల్డర్‌కీ, ఐసొలేటర్ స్విచ్చికీ ఉన్న ప్రతి బోల్టు దగ్గరా ఇలాగే చూసుకుంటూ వెళ్లండి.

ఇక ఫ్యూజు. ఇన్వర్టర్ లోపలి ఫ్యూజు ఇన్వర్టర్ కోసం. మీ కేబుల్ దారిలో ఎక్కడో రేకు అంచుకి ఒరుసుకుని ఇన్సులేషన్ తెగి బాడీకి తగిలిందనుకోండి, ఆ షార్టు కరెంటు ఇన్వర్టర్ దాకా వెళ్లనే వెళ్లదు. లోపలి ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. అందుకే బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గరలో, 18 సెంటీమీటర్ల లోపు, ఫ్యూజు ఉండాలి. అది కాపాడాల్సింది వైరుని. కాబట్టి దాని రేటింగు వైరు మోయగల కరెంటుని మించకూడదు. మంచి 70 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ కేబుల్‌కి 250 ఆంప్స్ ఫ్యూజు వాడొచ్చు.

ఆంప్స్ సంఖ్య ఒక్కటీ సరిపోతే చాలదు. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంప్స్ వదులుతుంది. ఫ్యూజు అంత కరెంటుని తెంపగలగాలి. మామూలు బ్లేడ్ ఫ్యూజు 1000 ఆంప్స్ వరకు, మెగా ఫ్యూజు 2000 వరకు తెంపగలవు. అంతకు మించితే లోపలి తీగ కరిగినా ఆర్కు (ఖాళీలో గాలి గుండా దూకే నిప్పు) ఆరదు, కరెంటు పారుతూనే ఉంటుంది. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంప్స్ దాకా తెంపుతుంది. లిథియం బ్యాంకుకి మెయిన్ ఫ్యూజుగా అదే పెట్టండి.

కేబుల్ వెంటనే మార్చడం కుదరకపోతే, అతుకు బాగుచేసి, 125 ఆంప్స్ ఫ్యూజు వేసి, 1200 వాట్లకు మించిన లోడు పెట్టకుండా వాడుకోండి.

ప్రశ్న: కంప్రెసర్ ఫ్రిజ్ పగలంతా బాగానే నడుస్తుంది, తెల్లవారుజామున ఆగిపోతుంది. అప్పుడు బ్యాటరీ దగ్గర చూస్తే 12.1 వోల్టులుంది. బ్యాటరీ మార్చాలా?

తొందరపడకండి. ఫ్రిజ్ వెనక ఉన్న కంట్రోలర్ తన దగ్గరికి వచ్చిన వోల్టేజినే చూస్తుంది, బ్యాటరీ దగ్గరి వోల్టేజిని కాదు. చాలా కంట్రోలర్లు 10.4 వోల్టుల దగ్గర కట్ చేసి, మళ్లీ 11.7 దాకా ఎక్కితేనే ఆన్ చేస్తాయి. ఫ్రిజ్‌కి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, దూరం 8 మీటర్లు ఉంటే తీగ పొడవు 16 మీటర్లు. కంప్రెసర్ నడిచేటప్పుడు లాగే 5 ఆంప్స్‌కే 0.93 వోల్టు పోతుంది. స్టార్టయ్యే క్షణంలో 10 ఆంప్స్ లాగితే దాదాపు 1.9 వోల్టులు పోతాయి. 12.1 లోంచి అది తీసేస్తే మిగిలేది 10.2. కట్ అవ్వక ఏం చేస్తుంది? పగలు సోలార్ వల్ల బ్యాటరీ 13 వోల్టుల పైనే ఉంటుంది కాబట్టి ఈ నష్టం బయటపడదు.

మల్టీమీటర్ ప్రోబులు ఫ్రిజ్ టెర్మినల్స్ మీదే పెట్టి, కంప్రెసర్ ఆన్ అయ్యే క్షణంలో చూడండి. ఆ వెంటనే బ్యాటరీ దగ్గర చూడండి. తేడా అర వోల్టు దాటితే దోషం వైరుదే. ఫ్యూజు బోర్డు నుంచి ఫ్రిజ్ దాకా 6 స్క్వేర్ ఎంఎం వెయ్యండి. అదే దూరానికి నష్టం 0.23, స్టార్టింగులో 0.47 వోల్టుకి దిగుతుంది. మైనస్‌ని బాడీ రేకుకి కట్టి ఉంటే దాన్నీ మార్చి తిన్నగా తీగ వెయ్యండి. రేకు కింద తుప్పు పట్టిన బోల్టు కొత్త వైరు వేసిన లాభమంతా మింగేస్తుంది. దారిలో సిగరెట్ లైటర్ సాకెట్టు ఉంటే తీసిపారెయ్యండి, ఆ స్ప్రింగు కాంటాక్టు ప్రయాణంలో అదిరి వదులవుతూనే ఉంటుంది.

పంపు ఆన్ చెయ్యగానే లైట్లు మినుకుతున్నాయని రాసిన ఇద్దరు పాఠకులకూ ఇదే జవాబు.

ప్రశ్న: మెయిన్స్‌కి, అంటే బయటి సాకెట్టు సప్లైకి, ప్లగ్గు పెట్టినప్పుడు, నేల మీద నిలబడి తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. బండి లోపల ఉన్నప్పుడు ఏమీ అనిపించదు. చిన్న షాకే కదా అని పట్టించుకోలేదు. ప్రమాదమా?

ప్రాణం తీసేంత ప్రమాదం. ఇప్పుడే సప్లై బ్రేకర్ ఆపి, ఆ తర్వాతే ప్లగ్గు తీసెయ్యండి. ఆ క్రమంలో బండిని తాకకండి, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడకండి. లోపల ఏమీ అనిపించకపోవడానికి కారణం సులువే: లోపల మీరూ, గోడలూ, నేలా ఒకే వోల్టేజి మీద ఉంటారు. టైర్ల రబ్బరు వల్ల బండి భూమికి తగలదు. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి తలుపు మీద పెట్టిన మనిషే ఆ రెంటికీ మధ్య వంతెన అవుతాడు.

జివ్వుమనాలంటే రెండు జరిగి ఉండాలి. బండి బాడీకి ఎక్కడినుంచో కరెంటు కారుతోంది, దాన్ని తీసుకెళ్లాల్సిన ఎర్తు తీగ ఎక్కడో తెగింది. మొదటిది ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. చార్జర్లు, ఇన్వర్టర్ల లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి మిల్లీఆంపులో కొంత భాగం బాడీకి వస్తుంది. ఎర్తు బాగున్నంతకాలం అది మీకు తెలియదు. ఎర్తు తెగితే బాడీ సప్లైలో సగం వోల్టేజికి ఎక్కి కూర్చుంటుంది, తాకితే చిటికెడు షాకు. అదే రోజు వాటర్ హీటర్ ఎలిమెంటు పగిలి ఫేజు బాడీకి తగిలితే, ఈసారి వచ్చేది చిటికెడు కాదు.

ఎక్కడ తెగిందో ఇలా వెతకండి. కేబుల్‌ని సైటు (బండి నిలిపిన క్యాంపు స్థలం) వైపు సాకెట్టు నుంచి తీసి, బండికి మాత్రం తగిలించి ఉంచండి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ప్లగ్గు ఎర్తు పిన్నుకీ, చాసిస్ మీద పెయింటు లేని బోల్టుకీ మధ్య కొలవండి. 25 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో ఎర్తు తీగ నిరోధం 0.175 ఓమ్ మాత్రమే. మొత్తం అర ఓమ్ లోపు రావాలి. కేబుల్ని అక్కడక్కడా వంచుతూ, ప్లగ్గు దగ్గర ఊపుతూ చూడండి. రీడింగు ఎగిరితే తెగింది అక్కడే. కేబుల్ బాగుంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఎర్తు బార్ నుంచి చాసిస్‌కి వెళ్లే బాండింగు తీగ చూడండి. అది 4 స్క్వేర్ ఎంఎంకి తగ్గకూడదు, దాని బోల్టు కింద తుప్పు ఉండకూడదు.

బండి వైపు అంతా బాగుంటే దోషం సైటు సాకెట్లోనో, మధ్యలో వాడిన అడాప్టర్లోనో ఉన్నట్టు. ఎర్తు పిన్ను లేని అడాప్టర్ ఏదైనా ఉంటే విరిచి పారెయ్యండి. సాకెట్టులో ఫేజుకీ ఎర్తుకీ మధ్య వచ్చే వోల్టేజి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య వచ్చేదీ దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రల్, ఎర్తుల మధ్య ఒకట్రెండు వోల్టులకు మించి ఉండకూడదు. మూడు బల్బుల సాకెట్ టెస్టర్ మంచిదే గానీ, అది పట్టుకోలేని తప్పు ఒకటుంది. ఎవరో సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్తునీ కలిపేసి, ఆ పైన ఫేజు న్యూట్రల్ తారుమారు చేసి ఉంటే టెస్టర్ అంతా బాగుందనే చూపిస్తుంది, బండి బాడీ మాత్రం పూర్తి ఫేజు మీద ఉంటుంది. కాబట్టి తెలియని సైటులో ప్లగ్గు పెట్టగానే, ఏదీ ముట్టుకోకముందే, నాన్ కాంటాక్ట్ టెస్టర్‌ని బండి బాడీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. అది కూస్తే బ్రేకర్ ఆపెయ్యండి.

బండి పక్కన ఇనప కడ్డీ పాతి ఎర్తు ఇచ్చుకోవచ్చా అని ఇదే ఉత్తరంలో అడిగారు. అది పరిష్కారం కాదు. అలాంటి కడ్డీకి నేలలో 50 ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే 230 వోల్టులకి పారేది 4.6 ఆంప్స్. దానికి 16 ఆంప్స్ ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తనంతట తనే పడే బ్రేకర్) పడదు, బాడీ అలాగే కరెంటు మీద ఉంటుంది.

ప్రశ్న: ఏ ప్రమాణం పాటించాలి? ఒక్కొక్కరు ఒక్కో నంబరు చెబుతున్నారు.

బండి ఏ దేశంలో రిజిస్టరైతే అక్కడిది. మెయిన్స్ వైపుకి అంతర్జాతీయ పత్రం ఐఈసీ 60364-7-721. బ్రిటన్‌లో అదే బీఎస్ 7671 లో 721వ సెక్షన్‌గా ఉంది. యూరప్‌లో 12 వోల్టుల వైపుకి ఈఎన్ 1648. అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఆర్టికల్ 551. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 3001. నంబర్లు వేరైనా ఒకటి అన్నిటిలోనూ కనిపిస్తుంది: బండి అదురుతుంది, దాని ఎర్తు బయటినుంచి అరువు తెచ్చుకున్నది అన్న లెక్కతోనే నియమాలు రాశారు.

721 ప్రకారం 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీడీ (ఎర్తుకి కరెంటు కారితే సప్లై తెంపే స్విచ్చి) ఉండాలి, అది ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ తెంపాలి. మెయిన్స్ తీగ 1.5 స్క్వేర్ ఎంఎంకి తగ్గకూడదు. బండి మీది ఇన్‌లెట్ (బయటి కేబుల్ తగిలించే సాకెట్టు) నేల నుంచి 1.8 మీటర్లకు మించిన ఎత్తులో ఉండకూడదు. మెయిన్స్ తీగలూ 12 వోల్టుల తీగలూ వేర్వేరుగా పోవాలి. ఒకే గొట్టంలో తోసెయ్యడం ఇంటి దగ్గర చేసుకున్న బండ్లలో తరచూ కనబడే తప్పు.

ప్రశ్న: ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఒంటి పోగు రాగి వైరు చాలా ఉంది. బండిలో సాకెట్లకి వాడొచ్చా?

వద్దు. ఒంటి పోగు తీగ గోడలో కదలకుండా ఉన్నంతకాలం వందేళ్లయినా ఉంటుంది. బండిలో అదురుకి స్క్రూ దగ్గర రోజూ కొద్దికొద్దిగా వంగుతూ, రాగి పెళుసెక్కి, ఇన్సులేషన్ లోపలే తెగుతుంది. పైకి ఏమీ కనబడదు, లోపల ఆర్కు నడుస్తుంటుంది. కనీసం 7 పోగులున్న తీగ కావాలి. సన్నని పోగుల ఫ్లెక్సిబుల్ అయితే ఇంకా మేలు.

గొట్టంలో కాకుండా పైన వేసిన కేబుల్‌ని అడ్డంగా పోయేచోట 25 సెంటీమీటర్లకి ఒకటి, నిలువుగా పోయేచోట 40 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున క్లిప్పు వేసి పట్టించండి. రేకులోంచి దాటే ప్రతి కన్నానికీ రబ్బరు గ్రామెట్ వెయ్యండి. పోగుల చివర సోల్డర్ పోసి స్క్రూ కింద బిగించే అలవాటుంటే మానెయ్యండి. సోల్డర్ మెత్తటిది, ఒత్తిడికి నెమ్మదిగా జారిపోయి, కొన్ని నెలల్లో స్క్రూ వదులవుతుంది. సోల్డర్ బదులు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి నొక్కాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు బండిలో ఎక్కడా ఉండకూడదు.

ప్రశ్న: ప్లగ్గు పెట్టగానే ఆర్‌సీడీ ట్రిప్ అవుతోంది. బోర్డులో ఎంసీబీలన్నీ ఆపినా పడుతోంది. కాబట్టి ఆర్‌సీడీయే పాడైందంటారా?

అలా అనుకోవడానికి లేదు. మీ ఎంసీబీలు ఒంటి పోలువి అయితే అవి ఫేజునే తెంపుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఏదో ఒక సర్క్యూట్లో న్యూట్రల్ ఎర్తుకి తగిలినా ఆర్‌సీడీ పడుతుంది, ఎంసీబీలు ఆపి లాభం లేదు. బండిలో రెండు పోల్ల ఎంసీబీలు ఉండాలనేది ఇందుకే.

ప్లగ్గు తీసేసి, బోర్డులో ఆర్‌సీడీ తర్వాతి న్యూట్రల్ తీగలన్నీ బార్ నుంచి విప్పండి. మళ్లీ ప్లగ్గు పెట్టి ఆర్‌సీడీ ఎత్తండి. నిలబడితే ఆర్‌సీడీ బాగున్నట్టే. ప్రతిసారీ ప్లగ్గు తీసి, ఒక్కో న్యూట్రల్ కలిపి చూసుకుంటూ వెళ్లండి. ఏది కలిపితే పడుతుందో ఆ సర్క్యూట్లో వెతకండి. వాటర్ హీటర్ ఉన్న సర్క్యూట్‌తో మొదలుపెడితే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఎలిమెంటు లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమ పీలుస్తుంది. అందరూ మరిచిపోయేది గోడ మీది ఇన్‌లెట్ సాకెట్టు. మూత రబ్బరు పోయి లోపల నీళ్లు చేరుతుంటాయి. అయితే అది ఆర్‌సీడీకి ముందు ఉంటుంది కాబట్టి పడేది బండిలోదా, సైటు స్తంభం మీదిదా అన్నది గమనించండి.

మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) దొరికితే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ విడదీసి, 500 వోల్టుల డీసీ మీద కొలవండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వచ్చిన సర్క్యూట్‌ని బాగుచేసేదాకా వాడొద్దు.

ప్రశ్న: డ్రమ్ముకి చుట్టిన ఎక్స్‌టెన్షన్ కేబుల్ హీటర్ వేసినప్పుడు మెత్తబడుతోంది. కేబుల్ 2.5 స్క్వేర్ ఎంఎందే, 16 ఆంప్స్‌కి సరిపోవాలి కదా?

పూర్తిగా విప్పి నేల మీద పరిస్తే సరిపోతుంది. 25 మీటర్లకి పోనూ రానూ 0.35 ఓమ్. 16 ఆంప్స్‌కి 90 వాట్ల వేడి. పరిచి ఉంటే మీటరుకి 4 వాట్లు కూడా రాదు, గాలికి పోతుంది. చుట్టి ఉంటే ఆ 90 వాట్లూ డ్రమ్ము మధ్యలో మగ్గుతాయి. ఒకసారి మెత్తబడ్డ కేబుల్‌లో తీగలు ఇన్సులేషన్‌లోకి దిగి ఒకదానికొకటి దగ్గరై ఉంటాయి. దాన్ని ఇక నమ్మకండి, మార్చెయ్యండి.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఆర్‌సీడీ పనిచేయదని ఒక ఎలక్ట్రీషియన్ అన్నారు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం పడుతోంది. ఎవరిది నిజం?

ఆయనదే నిజమై ఉండొచ్చు. టెస్ట్ బటన్ ఆర్‌సీడీ లోపలే ఒక రెసిస్టర్ ద్వారా తేడా సృష్టిస్తుంది. దాని యంత్రం కదులుతోందని మాత్రమే తెలుస్తుంది, ఎర్తు దారి ఉందో లేదో దానికి సంబంధం లేదు.

మెయిన్స్‌లో న్యూట్రల్ ఎక్కడో ఒకచోట భూమికి కట్టి ఉంటుంది. ఫేజు బాడీకి తగిలితే కరెంటు ఎర్తు తీగ గుండా ఆ ముడి దాకా వెళ్లి చక్రం పూర్తిచేస్తుంది. ఆర్‌సీడీ చూసేది ఫేజు, న్యూట్రల్‌లలో కనిపించే ఆ తేడానే. ఇన్వర్టర్‌లో ఆ ముడి లేకపోతే మొదటి తప్పు జరిగినప్పుడు కరెంటుకి తిరిగొచ్చే దారి ఉండదు. ఆర్‌సీడీ పడదు, ఎవరికీ ఏమీ తెలియదు. రెండో పరికరంలో ఇంకో తప్పు వచ్చినప్పుడు మాత్రం ఆ రెండు పరికరాలూ ముట్టుకున్న మనిషి మీదుగా పారుతుంది.

ఇన్వర్టర్ మాన్యువల్ తీసి న్యూట్రల్, ఎర్తు బాండింగు గురించి ఏం రాశారో చూడండి. మంచి ఇన్వర్టర్ చార్జర్లలో ఇందుకొక రిలే (కరెంటుతో దానంతటదే కలిసి విడిపోయే స్విచ్చి) ఉంటుంది. ఇన్వర్టర్‌గా నడిచేటప్పుడు అది న్యూట్రల్‌ని ఎర్తుకి కలుపుతుంది, బయటి సప్లై రాగానే విడదీస్తుంది. ఆ విడదీయడం ముఖ్యం. బోర్డులో న్యూట్రల్, ఎర్తు బార్‌లని శాశ్వతంగా కలిపేస్తే, మెయిన్స్ మీద ఉన్నప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత బండి చాసిస్ గుండా పారుతుంది, సైటు ఆర్‌సీడీ పడుతుంది. న్యూట్రల్ తెగితే బాడీ మొత్తం కరెంటు మీదికి వస్తుంది. ఆర్టికల్ 551 కూడా బండి బోర్డులో ఆ రెంటినీ విడిగానే ఉంచమంటుంది.

చౌక ఇన్వర్టర్లలో కొన్నిటికి అసలు న్యూట్రలే ఉండదు. రెండు తీగలూ బాడీకి చెరి సగం వోల్టేజిలో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఎర్తుకి కడితే ఇన్వర్టర్ కాలిపోతుంది. అలాంటిది బండి సాకెట్లకి కలపకండి, దాని మీదున్న సాకెట్టుకే ఒక్క పరికరం పెట్టి వాడుకోండి.

ఇన్వర్టర్, మెయిన్స్ మధ్య చేంజోవర్ స్విచ్చి ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ మార్చాలి. ఆర్‌సీడీ ఆ స్విచ్చికి తర్వాత, సాకెట్ల వైపు ఉండాలి. అప్పుడే రెండు సప్లైల మీదా కాపలా కాస్తుంది. అన్నీ అయ్యాక సాకెట్లో పెట్టే ఆర్‌సీడీ టెస్టర్‌తో, ఫేజు నుంచి ఎర్తు పిన్నుకి 30 మిల్లీఆంప్స్ పంపి చూడండి. 300 మిల్లీసెకన్ల లోపు పడాలి. మెయిన్స్ మీద ఒకసారి, ఇన్వర్టర్ మీద ఒకసారి.

ప్రశ్న: పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి 100 ఆంప్ అవర్ లిథియం పెట్టాను. ఇంజన్ నుంచి చార్జింగు పాత రిలే మీదే నడుస్తోంది. ఇలాగే వదిలెయ్యొచ్చా?

వదలొద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంతర్గత నిరోధం చాలా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఎంతిస్తే అంతా లాగుతుంది. ఇంజన్ ఐడ్లింగులో ఉంటే ఆల్టర్నేటర్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, అప్పుడే దాని మీద బరువు ఎక్కువ. అలా కాలిపోయే ఆల్టర్నేటర్లు చాలా. ఇంకోటి, చార్జింగు మధ్యలో బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూటు) టక్కున తెంపేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉన్న కొత్త బండ్లలో కథ తిరగబడుతుంది. అది వోల్టేజిని తగ్గించుకున్నప్పుడు మీ బ్యాటరీ సగంలోనే ఆగిపోతుంది.

రిలే తీసేసి 30 ఆంప్స్ డీసీ టు డీసీ చార్జర్ (ముందు బ్యాటరీ నుంచి తీసుకుని హద్దులో రెండోదాన్ని చార్జి చేసేది) పెట్టండి. బయటికి 30 ఇవ్వాలంటే అది లోపలికి 39 దాకా లాగుతుంది. ముందు బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరమైతే 16 స్క్వేర్ ఎంఎం వెయ్యండి, నష్టం 0.43 వోల్టు దగ్గర ఆగుతుంది. ఈ తీగకి రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి కాబట్టి రెండు వైపులా ఫ్యూజు కావాలి, 50 ఆంప్స్‌ది చాలు. ఒక్క వైపే ఉంటే మధ్యలో షార్టయినప్పుడు రెండో బ్యాటరీ దాన్ని కాలుస్తూనే ఉంటుంది. చార్జింగు వోల్టేజి బ్యాటరీ తయారీదారు చెప్పినట్టు, మామూలుగా 14.2 నుంచి 14.6 మధ్య, పెట్టండి. సెల్ ఉష్ణోగ్రత 0 డిగ్రీల కన్నా దిగితే చార్జింగు ఆపేసే బీఎంఎస్ ఉందో లేదో చూడండి. అంత చలిలో చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది, అది మళ్లీ బాగుపడదు.

ప్రశ్న: 22.5 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏ లోడూ లేనప్పటి వోల్టేజి) ఉన్న రెండు సోలార్ ప్యానెళ్లని సిరీస్‌లో పెడితే 45 అవుతుంది. కంట్రోలర్ 50 దాకా తట్టుకుంటుంది. సరిపోతుంది కదా?

చలి దేశంలో సరిపోదు. ప్యానెల్ మీద రాసిన వోల్టేజి 25 డిగ్రీల దగ్గరిది. ఒక్కో డిగ్రీ తగ్గితే సుమారు 0.3 శాతం పెరుగుతుంది. మైనస్ 10 డిగ్రీల ఉదయాన 45 కాస్తా 49.7 అవుతుంది, ఇంకాస్త చలేస్తే కంట్రోలర్ పోతుంది. 75 వోల్టుల కంట్రోలర్ కొనండి, లేదా ప్యానెళ్లని ప్యారలల్‌లో కలపండి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, ఆ తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ప్రశ్న: చోటు లేక ఇన్వర్టర్‌ని గ్యాస్ సిలిండర్ల అరలో పెట్టాలనుకుంటున్నాను. అడుగున గాలి కన్నాలు కూడా ఉన్నాయి, చల్లగా ఉంటుంది.

పెట్టకండి. ఆ కన్నాలు కారిన గ్యాస్ బయటికి పోవడానికి. ఎల్పీజీ గాలికన్నా బరువు, అర అడుగున చేరుతుంది. ఇన్వర్టర్ లోపలి రిలే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ వేస్తుంది. గ్యాస్ సరఫరాని నియంత్రించే 12 వోల్టుల పరికరం తప్ప ఆ అరలో ఎలక్ట్రికల్ సామాను ఏదీ ఉండకూడదని 721 నియమం. బ్యాటరీ, స్విచ్చి, ఆఖరికి సాకెట్టు కూడా. సిలిండర్ అర నుంచి ఇంటి భాగంలోకి తీగ వెళ్లే కన్నాలు పాతవేమైనా ఉంటే వాటినీ గ్యాస్ దూరకుండా మూసెయ్యండి.